చివరి ఉత్తరం కోసం పంపిన లింకు: చాట్‌బాట్ వాడకంలో వ్యక్తిగత గోప్యతపై ఒక కేస్ స్టడీ

ఈ కేసును సంబంధిత వ్యక్తి రాతపూర్వక అనుమతితో రాస్తున్నాను. ఆమె వృత్తి, కుటుంబ వివరాలు, సంఘటనల క్రమం కొన్ని చోట్ల మార్చాను. మార్చిన ప్రతిని ముందుగా ఆమెకే ఇచ్చి, ఇందులో మిమ్మల్ని ఎవరైనా గుర్తుపట్టగలరా అని అడిగాను. రెండు చోట్ల గుర్తుపడతారని ఆమె చెప్పారు. ఆ రెండు చోట్లా పేర్లు లేవు, తేదీలు లేవు. తండ్రిగారి జబ్బు, ఆమె హోదా, సెలవు అడిగిన సందర్భం మాత్రం ఒకే పేరాలో పక్కపక్కన పడ్డాయి. ఆమె ఆఫీసులో పనిచేసే ఎవరికైనా ఆ మూడూ చాలు. పేరు కొట్టేస్తే పని అయిపోయిందనుకునే అలవాటు ఈ వృత్తిలో ఇన్నేళ్లుగా ఉన్న నాలో కూడా ఇంకా పోలేదని ఆ రోజు తెలిసింది.

కేసు ఎలా వచ్చింది

వ్యక్తులకూ చిన్న సంస్థలకూ సమాచార గోప్యత విషయంలో సలహా ఇవ్వడం నా పని. ఈమె ఒక సంస్థలో మానవ వనరుల విభాగంలో పనిచేస్తారు. తండ్రిగారికి మూత్రపిండాల జబ్బు ముదిరి ఇంట్లో మనిషి తోడు అవసరమైనప్పుడు, దీర్ఘకాలిక సెలవు కోరుతూ ఒక ఉత్తరాన్ని చాట్‌బాట్ సాయంతో రాసుకున్నారు. ఉత్తరం బాగా కుదిరింది. అలాంటి అవసరమే ఉన్న ఒక సహోద్యోగి అడిగితే, కాపీ చేసి పంపడానికి బద్ధకించి, తెర మీద కనిపించిన షేర్ బటన్ నొక్కి లింకు పంపారు.

షేర్ లింకు చివరి జవాబును మాత్రమే చూపించదు. లింకు తయారుచేసిన క్షణం వరకు ఆ సంభాషణలో పైనుంచి కింది దాకా ఉన్నదంతా చూపిస్తుంది. ఉత్తరానికి ముందు ఆమె ఆ రాత్రి చాలాసేపు మాట్లాడారు: తండ్రిగారి పరీక్షల ఫలితాలు, ఆయనను ఎవరు చూసుకోవాలన్న దాని మీద భర్తతో జరిగిన గొడవ, కొన్నాళ్లు విడిగా ఉంటే ఎలా ఉంటుందన్న ఆలోచన, తన పై అధికారి మీద తనకున్న అభిప్రాయం. మర్నాడు కాఫీ మెషీన్ దగ్గర ఆ సహోద్యోగి చాలా మర్యాదగా, "ఇంట్లో అన్నీ సర్దుకుంటాయిలెండి" అన్నారట. ఉత్తరంలో ఇంటి గొడవ ప్రస్తావనే లేదు. ఆ మాటను బట్టే ఆమెకు అంతా అర్థమైంది.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఆ కంపెనీవాళ్లు నా మాటలన్నీ చదువుతున్నారాండీ?" అని. జరిగిన నష్టం పక్క కుర్చీ నుంచి వచ్చింది, భయం మాత్రం ఎక్కడో ఉన్న సర్వర్ మీదికి పోయింది. ఇది ఆమె ఒక్కరి తీరు కాదు, నేను చూసిన చాలామందిది ఇదే. కంపెనీ ఏం చేస్తుందన్నది అడగవలసిన ప్రశ్నే, దానికి కింద జవాబు రాస్తాను. అయితే మనల్ని నిజంగా ఇబ్బంది పెట్టగలిగినవాళ్లు ఎక్కువగా మనల్ని ఎరిగినవాళ్లే. ఎవరో తెలియని ఇంజనీరుకు మన ఇంటి గొడవతో పనిలేదు. సహోద్యోగికి, బంధువుకు, పిల్లవాడికి ఉంటుంది.

మొదటి గంటలో చేసినవి

ముందుగా ఆ లింకును రద్దు చేయించాను. సెట్టింగ్స్‌లో షేర్ చేసిన లింకుల జాబితా విడిగా ఉంటుంది. తెరిచి చూస్తే, ఆమె మరిచిపోయినవి ఇంకో మూడు బయటపడ్డాయి. వాటినీ తీసేశాము. లింకు రద్దయితే ఇకమీద ఎవరూ తెరవలేరు, కానీ ఈలోపు స్క్రీన్‌షాట్ తీసుకున్నవారి దగ్గర ఉన్నదాన్ని ఏ బటనూ తీసెయ్యలేదు.

తరువాత, ఆ సంభాషణ ఇంటర్నెట్ వెతుకులాటలో దొరుకుతోందేమో చూశాము. ఈ అనుమానం ఊరికే వచ్చింది కాదు. 2025 జూలై చివరలో చాట్‌జీపీటీ వాడకందారులు షేర్ చేసిన సంభాషణలు గూగుల్‌లో దొరుకుతున్నట్టు బయటపడింది. లింకు తయారుచేసేటప్పుడు, వెతుకులాటలో కనిపించనివ్వాలా అన్న గడిలో టిక్ పెట్టినవారివే అలా చేరాయి. విషయం పెద్దదయ్యాక చాట్‌జీపీటీని తయారుచేసే ఓపెన్‌ఏఐ ఆ గడినే తీసేసింది. టిక్ పెట్టినవారిలో ఎందరికి దాని అర్థం తెలిసి ఉంటుందన్నది నా సందేహం. ఈమె వాడిన సేవ వేరు. ఆమె సంభాషణ వెతుకులాటలో ఎక్కడా దొరకలేదు.

పాస్‌వర్డ్ మార్చడం, రెండంచెల ధ్రువీకరణ పెట్టడం, పాత ఫోన్‌లో లాగిన్ అయి ఉన్న సెషన్‌ను మూయడం పది నిమిషాల్లో ముగిశాయి. వాటి గురించి ఇంకా రాయడానికి ఏమీ లేదు, కానీ అవి చేయకుండా మిగతావన్నీ చేయడం తలుపు తెరిచి కిటికీలకు గడియ పెట్టినట్టు.

ఏడాది మాటలు ఒక్కచోట చదివినప్పుడు

ఇటువంటి కేసుల్లో నేను ఎప్పుడూ ఖాతా సమాచారం మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేయిస్తాను. పెద్ద చాట్‌బాట్ సేవల్లో చాలావాటికి ఈ సదుపాయం ఉంది. అడిగితే ఒక జిప్ ఫైలు వస్తుంది, అందులో పాత సంభాషణలన్నీ ఉంటాయి. దాన్ని ఆమె కంప్యూటర్‌లోనే తెరిచాము, నేను కాపీ తీసుకోలేదు, పని అయ్యాక ఆ ఫైలును ఆమె చేతే తీసేయించాను. గోప్యత కోసం తెప్పించిన ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఏళ్ల తరబడి పడి ఉండటం నేను చూశాను.

చదవడం మొదలుపెట్టే ముందు ఆమెను, ఇందులో మీ గురించి ఏముంటుందని అడిగితే, పెద్దగా ఏమీ ఉండదని, ఎక్కడా పేరు చెప్పలేదని అన్నారు. తన పేరు చెప్పని మాట నిజమే. కానీ ఒక ఉత్తరం కింద సంతకం ఉంది, ఒక రిపోర్టు ఫొటో మూలన తండ్రిగారి పేరూ రోగి నంబరూ ఉన్నాయి, ఇంటి అద్దె ఒప్పందం పీడీఎఫ్‌లో చిరునామా ఉంది. ఇవి సులువుగా దొరికేవి. వీటికంటే నన్ను ఆపినవి మామూలు వాక్యాలు: అబ్బాయి ఏ తరగతి, ఏ రోజు ట్యూషన్, తాను ఏ వేళ ఇంట్లో ఉండదు, జీతం ఎంత, ఎవరితో మాటలు లేవు, ఏ మందు మొదలుపెట్టి ఎందుకు మానేశారు. విడివిడిగా ఏ ఒక్కటీ రహస్యం కాదు. వరసగా చదివితే మాత్రం ఆమె గురించి ఆమె తల్లికి తెలిసినదానికంటే ఎక్కువే ఆ ఫైలులో ఉంది.

విడి వివరాలు కలిస్తే ఏమవుతుందో చాలాకాలంగా తెలిసిన సంగతే. సమాచార గోప్యతపై పరిశోధించే లటానియా స్వీనీ 2000 సంవత్సరంలో అమెరికా జనాభా లెక్కల ఆధారంగా చూపిన దాని ప్రకారం, పుట్టిన తేదీ, లింగం, అయిదంకెల పిన్ కోడ్ అన్న మూడు వివరాలతోనే ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించే అవకాశం ఉంది. అక్కడ ఉన్నవి మూడే వివరాలు. చాట్‌బాట్‌తో ఏడాది మాట్లాడిన మనిషి ఎన్ని ఇచ్చి ఉంటాడో ఎవరి ఖాతాలో వారు ఒకసారి చూసుకోవచ్చు.

తరువాత మెమరీ తెరిచాము. చాట్‌బాట్ మన గురించి తానుగా రాసుకునే చిన్న చిన్న వాక్యాల జాబితా అది. ఆమె దాన్ని ఎప్పుడూ తెరిచి చూడలేదు; నలభైకి పైగా వాక్యాలు ఉన్నాయి. "వాక్యాలు చిన్నగా ఉండాలని కోరుకుంటారు" అన్న పనికొచ్చే వాక్యం పక్కనే, "భర్త నుంచి విడిగా ఉండే విషయం ఆలోచిస్తున్నారు" అని ఉంది. ఏ సంభాషణలో అలా అన్నారో ఆ సంభాషణను ఆమె తీసేసి రెండు నెలలైంది. సంభాషణను తీసేస్తే దాని నుంచి రాసుకున్న మెమరీ దానంతటది పోదని ఆమెకు అప్పుడే తెలిసింది. చాట్‌జీపీటీలో కూడా ఈ రెండూ వేరువేరుగా తీసేయవలసినవే.

ఆమె అబ్బాయి కూడా ఇంట్లోని ట్యాబ్‌లో అదే ఖాతా వాడుతున్నాడు. ఎక్స్‌పోర్ట్‌లో అతని ప్రశ్నలు సులువుగానే తెలుస్తున్నాయి, అన్నీ లెక్కలూ పరీక్షలూ. ఒకచోట అతను పరీక్షలకు చదువుకునే వేళల పట్టిక అడిగాడు. చాట్‌బాట్ పట్టిక ఇస్తూ, ఇంట్లో ఇప్పుడున్న ఒత్తిడిని దృష్టిలో పెట్టుకుని, విడిగా ఉండే విషయం తేలేవరకు రోజుకు రెండు గంటలకు మించి పెట్టుకోవద్దని సలహా ఇచ్చింది. అబ్బాయి దానికి జవాబు రాయలేదు. ఆ తరువాత అతని ప్రశ్నలు ఆ ఖాతాలో లేవు.

ఆమె చాలాసేపు ఆ సంభాషణ తేదీనే చూస్తూ ఉండిపోయారు. అది లింకు పంపడానికి అయిదు వారాల ముందటి తేదీ. ఆ రోజు కేసు పని అక్కడితో ఆపేశాము.

ప్రశ్నను తిరిగి రాయడం

రెండోసారి కలిసినప్పుడు సెట్టింగ్స్ జోలికి పోకుండా ప్రశ్నలతో మొదలుపెట్టాను. నా అనుభవంలో సెట్టింగ్స్ రెండో వరస రక్షణ మాత్రమే. మొదటిది ఏం టైప్ చేస్తామన్నది. ఆమె పాత ప్రశ్నల్లో ఒకదాన్ని తీసుకున్నాము. పేర్లు తీసి ఇక్కడ ఇస్తున్నాను:

"మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. పోయిన మంగళవారం ఫలానా ఆస్పత్రిలో ఫలానా డాక్టరు గారు ఈ రిపోర్టు చూసి డయాలసిస్ మొదలుపెట్టాలన్నారు, ఫొటో పెడుతున్నాను. నేను హెచ్‌ఆర్‌లో చేస్తాను, నెల రోజులు సెలవు అడిగితే మా మేనేజరు ఫలానా గారు ఒప్పుకోవడం లేదు. రిపోర్టు అర్థమయ్యేలా చెప్పి, ఆయనకు ఎలా రాయాలో చెప్పు."

ఇందులో ఉన్నవి రెండు ప్రశ్నలు. రిపోర్టు అర్థం కావడానికి మేనేజరుతో పనిలేదు, ఉత్తరం రాయడానికి రిపోర్టులోని క్రియాటినిన్‌తో (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) పనిలేదు. ముందుగా రెంటినీ విడదీశాము. వైద్యం వైపు ప్రశ్నలో డాక్టరు, ఆస్పత్రి, వారం పోయాయి. ఫొటో బదులు కావలసిన నాలుగు అంకెలను వాటి ప్రమాణాలతో సహా చేత్తో టైప్ చేశారు. డెబ్బై నాలుగు "డెబ్బై దాటిన వ్యక్తి" అయింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గోప్యత పేరుతో అంకెలను కూడా మార్చేస్తే జవాబు తప్పుతుంది, ఆరోగ్యం విషయంలో అది ప్రమాదం. క్రియాటినిన్ 5.8 అన్న అంకె ఎవరినీ పట్టివ్వదు. ఆ అంకె ఉన్న కాగితం మూలన ఉండే రోగి నంబరూ బార్‌కోడూ పట్టిస్తాయి.

ఉత్తరం వైపు ప్రశ్న ఇంకా చిన్నదైంది: "కుటుంబంలో ఒకరి తీవ్ర అనారోగ్యం కారణంగా నెల రోజుల సెలవు కోరుతూ, మొదటిసారి నిరాకరించిన పై అధికారికి మర్యాదగా రాసే ఉత్తరం కావాలి. పేర్లు ఉండవలసిన చోట క, ఖ అని వదిలెయ్యి." వచ్చిన ఉత్తరాన్ని తన కంప్యూటర్‌లోని ఫైలులో పెట్టుకుని క, ఖ స్థానంలో పేర్లు ఆమే నింపుకున్నారు. రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాణ్యతలో తేడా ఆమెకు కనిపించలేదు, నాకూ కనిపించలేదు.

మారుపేర్ల విషయంలో ఆమె ఒక పొరపాటు చేయబోయారు. భర్తకు ఒక పేరు పెట్టి ప్రతి సంభాషణలో అదే వాడదామనుకున్నారు. అలా చేస్తే మారుపేరే ఒక గుర్తయి అన్ని సంభాషణలనూ ఒక దారానికి గుచ్చుతుంది. ప్రతిసారీ వేరే అక్షరం, లేదా కేవలం "ఇంట్లో ఒకరు" చాలు.

కాగితాలు జతచేయక తప్పనప్పుడు ఏం చేయాలన్నది కూడా చూశాము. ఆమె పాత ఫొటోల్లో ఒకదాని మీద పేరును ఫోన్‌లోని హైలైటర్‌తో నల్లగా గీసి ఉంది. వెలుగు పెంచి చూస్తే కింది అక్షరాలు చదవగలిగాను. పీడీఎఫ్ మీద గీసిన నల్ల పెట్టె కింద కూడా అక్షరాలు చాలాసార్లు అలాగే ఉండి, కాపీ చేస్తే బయటికి వస్తాయి. కావలసిన పేరా మాత్రం కాపీ చేసి పెట్టడం, లేదా కావలసిన భాగం వరకే కత్తిరించిన స్క్రీన్‌షాట్ పెట్టడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

సెట్టింగ్స్, డిలీట్, వాటి హద్దులు

ఇక కంపెనీ ఏం చేస్తుందన్న ఆమె మొదటి ప్రశ్న. సేవను బట్టి, చెల్లించే ప్లాన్‌ను బట్టి జవాబు మారుతుంది, కాలంతో కూడా మారుతుంది. సామాన్య వాడకందారులకు ఇచ్చే ఖాతాల్లో మన మాటలను కొత్త మోడల్‌కు (చాట్‌బాట్‌ను నడిపే ప్రోగ్రామ్‌కు) శిక్షణలో వాడుకోవచ్చా అన్న ఎంపిక సాధారణంగా ఉంటుంది, చాలా చోట్ల అది ముందుగానే ఆన్‌లో ఉంటుంది. క్లాడ్ అనే చాట్‌బాట్‌ను తయారుచేసే ఆంత్రోపిక్ 2025 ఆగస్టులో ఈ ఎంపికను వాడకందారుల ముందు పెట్టి, ఒప్పుకున్నవారి సంభాషణలను అయిదేళ్ల వరకు ఉంచుతామని ప్రకటించింది. గూగుల్ జెమినైలో మనుషులు పరిశీలించిన సంభాషణలు, మనం మన చరిత్రను తుడిచేసినా, ఖాతాతో సంబంధం తెంపిన రూపంలో మూడేళ్ల వరకు ఉండవచ్చని ఆ సంస్థే చెబుతోంది. కాబట్టి "ఎవరైనా చదువుతారా?" అన్నదానికి నిజాయితీగా చెప్పగల జవాబు, కొన్నింటిని చదవవచ్చు అన్నదే.

శిక్షణ ఎంపికను ఆపేశాము. దానితో పాటు ఆమెకు ఒక అలవాటు మాన్పించాను. జవాబు నచ్చితే దాని కింద బొటనవేలు పైకెత్తిన గుర్తు నొక్కడం ఆమెకు అలవాటు. శిక్షణ ఎంపిక ఆపిన తరువాత కూడా, అలా అభిప్రాయం పంపితే ఆ సంభాషణ మొత్తం శిక్షణకు పోవచ్చని ఓపెన్‌ఏఐ తన నిబంధనల్లో రాసింది. మెచ్చుకోలు కోసం నొక్కిన గుర్తు ఒక్కోసారి అనుమతి పత్రం అవుతుంది.

డిలీట్ అన్న మాట మీద కూడా ఆమెకు గట్టి నమ్మకం ఉండేది. చాట్‌జీపీటీలో తీసేసిన సంభాషణలు సాధారణంగా 30 రోజుల్లో సర్వర్ల నుంచి పోతాయి, టెంపరరీ చాట్‌లో (చరిత్రలోనూ మెమరీలోనూ చేరని తాత్కాలిక సంభాషణలో) జరిగినవి కూడా భద్రత కోసం 30 రోజుల వరకు ఉండవచ్చు. కానీ 2025 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ వేసిన కాపీరైట్ దావాలో అమెరికా కోర్టు, తీసేయవలసిన సంభాషణలను కూడా భద్రపరచమని ఓపెన్‌ఏఐని ఆదేశించింది. ఆ ఏడాది సెప్టెంబరు చివర వరకు ఆ బాధ్యత కొనసాగింది. ఎవరో ఇద్దరి మధ్య దావా వల్ల, దానితో ఏ సంబంధమూ లేనివారు తీసేసిన మాటలు నెలల తరబడి నిలిచిపోయాయి. వైద్యుడితోనో వకీలుతోనో మాట్లాడినప్పుడు ఉండే చట్టపరమైన గోప్యత చాట్‌బాట్‌తో మాట్లాడినప్పుడు లేదని ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ స్వయంగా 2025 జూలైలో అన్నారు. భర్తతో విడిపోయే ఆలోచన వకీలుకు చెప్పకముందే చాట్‌బాట్‌కు చెప్పిన మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

పొరపాటు కంపెనీ వైపు నుంచి కూడా జరగవచ్చు. 2023 మార్చి 20న ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల చాట్‌జీపీటీలో కొందరికి ఇతరుల సంభాషణల శీర్షికలు కనిపించాయి. ఆ సమయంలో వాడుతున్న ప్లస్ చందాదారుల్లో 1.2 శాతం మంది చెల్లింపు వివరాలు కొన్ని బయటపడి ఉండవచ్చని సంస్థ తెలిపింది. ఆమె ఖాతాలో పక్క వరసలో ఉన్న శీర్షికలు చూపించి ఇది చెప్పాను. శీర్షికలు చాలు, లోపలికి వెళ్లనక్కరలేదు.

అబ్బాయికి వేరే ఖాతా పెట్టించాము. ఈమె ఖాతాకు జోడించి ఉన్న ఈమెయిల్, క్యాలెండర్ అనుసంధానాలను తెంపేశాము. ఒకసారి సరదాకు జోడించి మరిచిపోయినవి అవి.

కుదరనివి

ఇంట్లోని కంప్యూటర్‌లోనే నడిచే మోడల్‌ను ఓలామా అనే సాఫ్ట్‌వేర్ ద్వారా పెట్టి చూపించాను. మాట బయటికి పోదు కనుక గోప్యతకు అంతకంటే మంచిది లేదు. కానీ ఆమె పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కో వాక్యానికి ఆగవలసి వచ్చింది, తెలుగులో జవాబులు చదవలేని విధంగా వచ్చాయి. రెండు రోజుల్లో వదిలేశారు, నేనూ బలవంతపెట్టలేదు.

అంతకంటే పెద్ద ఇబ్బంది వేరే ఉంది. మూడో వారంలో ఆమె ఫోన్ చేసి, రాత్రి మళ్లీ పాత పద్ధతిలోనే అంతా రాసేశానని చెప్పారు. నియమాలన్నీ ప్రశ్న అడిగేవారి కోసం రాసినవి. ఆమె ఆ వేళ అడగడానికి వెళ్లలేదు, చెప్పుకోవడానికి వెళ్లారు. ఏడుస్తున్న మనిషి క, ఖ అని రాయదు. ఇక్కడ నా మొదటి ప్రణాళిక తప్పని ఒప్పుకుంటాను. ఆ తరువాత ఒకే ఒక్క ఏర్పాటు చేశాము: అలాంటి వేళల్లో ఏం రాసినా టెంపరరీ చాట్‌లోనే రాయడం, మెమరీని పూర్తిగా ఆపి ఉంచడం. పేర్లు పడతాయి, పడనివ్వమన్నాను. కనీసం అవి రేపటి పరీక్షల పట్టికలోకి రావు. విడిగా ఉండే ఆలోచనను వకీలుకు చెప్పడం కూడా ఆ వారంలోనే జరిగింది.

ఆఫీసు సంగతిలో నా సలహా ఆమెకు నచ్చలేదు. ఎక్స్‌పోర్ట్‌లో ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నవారి వివరాలు, ఇంటర్వ్యూ అభిప్రాయాలు కూడా కనిపించాయి. తన గోప్యతను వదులుకునే హక్కు ఆమెకుంది, వారిది వదులుకునే హక్కు లేదు. సోర్స్ కోడ్ చాట్‌బాట్‌లోకి చేరిన తరువాత 2023లో శాంసంగ్ తన ఉద్యోగులకు ఇటువంటి సాధనాలను నిషేధించిన సంగతి చెప్పి, మీ ఆఫీసులో సమాచార బాధ్యత చూసేవారికి మీరే ముందుగా చెప్పండన్నాను. పది రోజులు ఆలోచించి చెప్పారు. మందలింపు వచ్చింది, ఉద్యోగం పోలేదు. ఆ ఆఫీసులో అప్పటిదాకా ఈ విషయమై రాతపూర్వక నియమం లేదని కూడా తేలింది.

మూడు నెలల తరువాత

సమీక్షకు కూర్చున్నప్పుడు మెమరీ జాబితా తెరిచాము. మెమరీని ఆమె మళ్లీ ఆన్ చేసుకున్నారు, టెంపరరీ చాట్ అలవాటైంది కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. రెండు వాక్యాలు ఉన్నాయి: జవాబులు చిన్న వాక్యాల్లో కావాలి, ఉదాహరణ ముందుగా రావాలి. షేర్ లింకుల జాబితా ఖాళీగా ఉంది. అబ్బాయితో ఆమె మాట్లాడారట, ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

నా నివేదికలో ప్రతి అంశం ఎదురుగా పరిష్కారమైందో లేదో రాసే గడి ఒకటి ఉంటుంది. సహోద్యోగి ఫోన్‌లో ఉన్న కాపీ అన్న అంశం ఎదురుగా, తీసేశానని ఆయన చెప్పారని ఆమె అన్నారు. చెప్పడాన్ని నేను సరిచూడలేను కనుక ఆ గడిని ఖాళీగానే ఉంచి సంతకం చేశాను.